కృపమ్మ బోడిమెడ పెట్ట

పొదుగుకొచ్చిన కోడిని పొదుగు మాన్పించడానికి మా పల్లెలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, తొట్టిలో నీళ్ళు పోసి కోడిని మెడదాకా ముంచి తీయడం. రెండోది, దాని రెక్కలోంచి ఈక ఒకటి పీకి, దాని ముక్కు రంధ్రాల్లోంచి అడ్డంగా దూర్చి వదిలేయడం. ఆ ఈకను వదిలించుకోవాలని అది తల విదిలిస్తూ, కాలితో గీరుకుంటూ పెరడంతా తిరుగుతుంది. తిరిగి తిరిగి గుడ్ల సంగతి మరిచిపోతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ గుడ్లు పెడుతుంది, ఇంటికి ఆదాయం. ఇందులో తప్పుందని మాలో ఎవరూ అనుకోలేదు. మా అమ్మల చేతుల్లో చూసిన పనే.

కృపమ్మ మాత్రం ఆ పని చేయనంది. చర్చి సంఘమంతా ఒకవైపు, తను ఒకవైపు నిలబడాల్సి వచ్చినా చేయనంది. ఆమె గురించి రాయాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.

కృపమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర. చెరుకుపల్లి పక్కనున్న మా పల్లెకు కోడలిగా వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక భర్త విషజ్వరంతో పోయాడు. పిల్లలను తల్లి దగ్గర వదిలి, తెనాలి వైపు ఒక కోడిపిల్లల హేచరీలో పనికి కుదిరింది. అక్కడే రేకుల గదిలో ఉండేది. పండగకో పబ్బానికో వచ్చి పిల్లలను చూసుకుని, వాళ్ళు నిద్ర లేవకముందే బస్సెక్కేది.

హేచరీలో ఆమె పని గుడ్లు పొదిగే మిషన్ దగ్గర. తలుపు తీయగానే వెచ్చటి గాలి, వేల పిల్లల కూత ఒక్కసారిగా ముఖాన కొట్టేవట. ట్రేల్లోంచి పెంకులు ఏరి పారేయాలి. పిల్లలను చిల్లులున్న అట్టపెట్టెల్లో సర్దాలి. తెల్లారేసరికి అవి వ్యాన్లెక్కి వెళ్ళిపోవాలి. "అన్నేళ్ళు అన్ని పిల్లల్ని ఈ చేతుల్తో పట్టుకున్నానండి. ఒక్క పిల్ల తల్లి కింద దూరటం మాత్రం చూళ్ళేదు" అనేది. నవ్వుతూనే అనేది.

ఆ పిల్లల నూగు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. తెనాలిలో డాక్టరు ఆ పని మానేయమన్నాడు. మానేసి ఇంటికొచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్ళై బాపట్లలో హాస్టల్లో చదువుకుంటున్నారు. ఇక్కడ బళ్ళో మధ్యాహ్న భోజనం వండే పనిలో కుదిరింది. సంతలో ఒక పెట్టను కొనుక్కుంది. ఎర్రటి పెట్ట, మెడ మీద ఒక్క ఈక ఉండదు. వీధిలో అందరూ దాన్ని బోడిమెడది అనేవాళ్ళు.

మెల్లగా దగ్గు తగ్గింది. ఒక శనివారం ప్రార్థన కూటంలో కృపమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నాను. దేవుడికి స్తోత్రం. కోత పండక్కి నా బోడిమెడ పెట్టనే ఇస్తాను." అందరం ఆమేన్ అన్నాం.

బోడిమెడ పెట్టనే అని ఎందుకు అనవలసి వచ్చిందంటే, అది మా సంఘంలో కట్టుబాటు. కోత పండక్కి ఎవరికి పండిందాంట్లోంచి వాళ్ళు గుడికి కానుకిస్తారు. ఎప్పుడో ఒకాయన పండక్కి కోడినిస్తానని చెప్పి, తీరా ఆ రోజు కాళ్ళు పడిపోయిన కోడిని తెచ్చి గుడిలో ప్రభువు బల్ల ముందు పెట్టాడు. అప్పటినుంచి సంఘపెద్ద సుందరయ్య గారు కచ్చితం చేశారు. ఏ గేదె పాలో, ఏ చెట్టు గెలో, ఏ కోడో పేరు పెట్టి చెప్పాలి. చెప్పిందే రావాలి. బదులు తెస్తే తీసుకోరు. సుందరయ్య గారు చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో చావైనా ముందు చేరి పాడె కట్టేది ఆయనే. కానీ దేవుడి విషయంలో మాట జారితే ఊరుకోరు.

పండగ ఇంకా రెండు వారాలుందనగా బోడిమెడది పొదుగుకొచ్చింది. గంపలోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని ముక్కుతో పొడుస్తుంది. కృపమ్మ దాచిపెట్టిన గుడ్లన్నీ దాని కింద పేర్చింది. ఉరుముకు చెడకుండా గంపలో ఒక బొగ్గుముక్క, ఒక తుప్పుమేకు, ఒక ఎండు మిరపకాయ వేసింది. రోజుకోసారి అది దిగి, నాలుగు గింజలు మింగి, దుమ్ములో పొర్లి, పరుగున వెనక్కెళ్ళి కూర్చునేది.

సంగతి తెలిసి సుందరయ్య గారు మోపెడ్ మీద వచ్చారు. గంప దగ్గర వంగి చూడబోతే కోడి ఆయన వేలు పొడిచింది.

"అబ్బో! ఏంటమ్మాయ్, మీ బోడిమెడది పొదుగెక్కిందంటగా?"

"ఎక్కిందండి బాబాయ్. మీ వేలు చూస్తేనే తెలుస్తుందిగా."

"మరి పండగ దగ్గరకొచ్చింది. ముంచి లేపెయ్. నాలుగు రోజులు బాగా మేపితే కోలుకుంటుంది."

"లేపనండి."

"లేపవా?"

"పిల్లల్ని తీసి, పెంచి, వదిలాక ఇస్తాను. ఇవ్వనని అనట్లేదు."

ఆయన వేలు నోట్లో పెట్టుకుని తీశారు. "కోత పండక్కి అన్నావమ్మా. అందరి ముందూ అన్నావు. మనుషులకిచ్చిన మాటా అది?"

"నేనన్నప్పుడు ఇది గుడ్ల మీద లేదండి."

"అయితే ఏం చేద్దామంటావ్? బదులు ఇంకోటి తెస్తానన్నా నేను తీసుకోను. కట్టుబాటు కట్టుబాటే."

"నేను బదులు అడగలేదుగా బాబాయ్. ఇదే ఇస్తాను. దీని పనయ్యాక ఇస్తాను. మజ్జిగ తాగుతారా?"

ఆయన మజ్జిగ తాగారు. గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళారు. కానీ మర్నాటికల్లా పల్లెంతా పాకింది, కృపమ్మ దేవుడికి చెప్పిన కోడిని ఎగ్గొడుతోందని.

పక్కింటి ఏసమ్మ ఈ మాటలు విని ఊరుకోలేకపోయింది. పెద్ద వయసు మనిషి, కృపమ్మ అంటే ప్రాణం. దగ్గుతో లేవలేని రోజుల్లో కృపమ్మకు జావ కాచి పోసింది ఆవిడే. పాపం దీనికి మనసు ఒప్పక కోడిని లేపలేకపోతోంది, ఆ పాపం నేనే చేస్తే సరిపోతుంది అనుకుంది. కృపమ్మ బడికి వెళ్ళాక వచ్చింది. ముందుగా వాకిలి ఊడ్చింది. బిందెలు నింపింది. గిన్నెలు తోమి ఎండలో పెట్టింది. కృపమ్మ వచ్చే వేళకు అంతా సర్దేసి ఉండాలని, చివరికి కోడిని పట్టుకుని తొట్టిలో ముంచి, ముక్కులో ఈక దూర్చింది. కింద ఉన్న గుడ్లను స్టీలు గిన్నెలో పెట్టి, సాయంత్రం అట్టేసుకుంటుందిలే అని పొయ్యి గట్టు మీద మూతపెట్టింది.

కృపమ్మ వచ్చేసరికి కోడి తడిసి ముద్దై, ముక్కుకు అడ్డంగా ఈకతో, వాకిట్లో తల విదిలిస్తూ తిరుగుతోంది.

"ఎవరు? ఎవరు చేశారిది?"

ఏసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడ పక్కకు వచ్చింది. "నేనేనే. నీకు చెయ్యాడదని..."

"అత్తా!"

"అరవకే. సంఘంలో నిన్నో మాటంటే నేను వినలేను. నీ మంచికే చేశాను."

కృపమ్మ కోడిని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఈకను మెల్లగా లాగింది. ముక్కు దగ్గర రక్తం చుక్క కనిపించింది. ఆమె గొంతు తగ్గింది గానీ మాట తగ్గలేదు. "నా మంచి అందరికీ తెలుసత్తా, నాకు తప్ప. నా పిల్లల్ని నేను పెంచుకోలేకపోయాను. ఏం చేస్తాం, అన్నం కావాలిగా, మా అమ్మ పెంచింది. దీనికి ఆ కర్మ లేదు. దీని పిల్లల్ని ఇదే పెంచుకుంటుంది. దేవుడొచ్చి అడిగినా ఇదే చెప్తా. గుడ్లేవి?"

ఏసమ్మ పొయ్యి గట్టు మీది గిన్నె చూపించింది.

గుడ్లింకా చల్లబడిపోలేదు. కృపమ్మ వాటిని కొంగులో మూటకట్టి పొట్టకు ఆనించుకుని పొయ్యి ముందు కూర్చుంది. రెండు పుల్లలు వెలిగించి, తువ్వాలుతో కోడిని ఒత్తి ఒత్తి తుడిచింది. ముక్కుకు పసుపూ కొబ్బరినూనె రాసింది. తర్వాత సెల్‌ఫోన్ లైటు వేసి, గుడ్డు ఒక్కొక్కటీ దాని మీద ఆనించి పిడికిలి మూసి చూసింది. ఎర్రటి దారాల మధ్య నల్లటి చుక్క. చూస్తూ ఉంటే ఆ చుక్క సన్నగా అదిరింది.

"బతికే ఉంది" అంది. తర్వాతది చూసి, "ఇదీ ఉంది" అంది.

గుడ్లను గంపలో సర్ది కోడిని దించితే అది కూర్చోలేదు. ఒంటికాలి మీద నిలబడి అటూ ఇటూ చూసింది. వెలుతురు పడకుండా కృపమ్మ గోనెసంచి కప్పింది. వీధి గాలికి సంచి లేచిపోతుంటే ఏసమ్మ వచ్చి దాని అంచు పట్టుకుని నేల మీద కూర్చుంది. కృపమ్మ పెదాలు ప్రార్థనకు కదులుతున్నాయి. దీపాలు పెట్టే వేళ దాటబోతుండగా సంచి కింద చిన్న చప్పుడైంది. కోడి ముక్కుతో గుడ్డును తన కిందికి లాక్కుంటున్న చప్పుడు. తర్వాత కొర్‌ర్ మంటూ సణుగుతూ సర్దుకుని కూర్చుంది.

"కూర్చుందే" అంది ఏసమ్మ.

"కూర్చోకేం" అంది కృపమ్మ. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

కోత పండుగ నాడు గుడి ముందు షామియానా వేశారు. కొత్త బియ్యం బస్తాలు, మినుములు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలంపాట. మా దగ్గర ఆ పాటలో ఒక అందముంది. పాడుకున్నవాళ్ళు కాయను ఇంటికి పట్టుకుపోకుండా మళ్ళీ బల్ల మీదే పెట్టేస్తారు, ఇంకోసారి పాడండి అంటారు. ఒక్కో గుమ్మడికాయ ఊరంతా తిరిగొస్తుంది.

సుందరయ్య గారు ఒక్కొక్క పేరే పిలిచారు. పేరు విన్నవాళ్ళు లేచి తెచ్చింది పెట్టారు.

"కృపమ్మ. బోడిమెడ పెట్ట."

అందరి తలలూ తిరిగాయి. కృపమ్మ చంకలో వేరే గంపతో లేచి ముందుకొచ్చింది. గంప ఖాళీ.

"కోడేదమ్మా?"

"ఇంట్లో గుడ్ల మీద ఉందండి. పిలిచినప్పుడు లేచి రాకపోతే దొంగననుకుంటారని, నేనే వచ్చాను."

"చెప్పిన రోజుకి తేవద్దూ? దేవుడికిచ్చిన మాటమ్మా."

"దేవుడేం తొందర పడట్లేదు బాబాయ్. పొదుగు పెట్టింది ఆయనేగా. తొందరంతా మనకే, కూరకి."

వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. సుందరయ్య గారి ముఖం ఎర్రబడింది.

"అయితే ఆ గంప ఇక్కడే ఉంచు. కోడి వచ్చేదాకా బల్ల ముందే ఉంటుంది. ప్రతి ఆదివారం అందరూ చూస్తారు."

"ఉంచండి" అంది కృపమ్మ. ఆయన చేతికివ్వలేదు. తనే వెళ్ళి బల్ల ముందు, అందరికీ కనబడేలా నడిమధ్యన పెట్టి, పమిట సర్దుకుని వచ్చి తన చోట కూర్చుంది. ఆ రోజు పాటలన్నీ అందరికంటే గట్టిగా పాడింది.

ఆ తర్వాతి ఆదివారం గంప అక్కడే ఉంది. కానీ ఖాళీగా లేదు. అడుగున గుప్పెడు నూకలున్నాయి. మొదట ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. కానుక వేయడానికి ముందుకు వెళ్ళిన ఆడవాళ్ళు పళ్ళెంలో డబ్బు వేసి, కొంగు ముడి విప్పి గంపలోనూ కాస్త విదిల్చి వస్తున్నారు. ఒకరు నూకలు, ఒకరు జొన్నలు, ఒక ముసలమ్మ ఇంటి దగ్గర పుట్టలోంచి తెచ్చిన చెదపురుగుల మట్టిపెళ్ళ. దాన్ని మాత్రం పాస్టరు గారు బయట పెట్టించారు. ఆరాధన అయ్యాక కృపమ్మ ఆ గింజలను సంచిలో పోసుకుని, గంపను దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది. సుందరయ్య గారు చూసీ చూడనట్టుండేవారు. ఒక ఆదివారం పొద్దున్నే గుడి తలుపులు తీసిన పిల్లలు చెప్పారు, ఆయన గంపను పైకెత్తి పట్టుకుని, కింద చేరిన చీమలను కండువాతో దులుపుతున్నారని.

అప్పటికి గుడ్లు పగిలాయి. రెండు మురిగిపోయాయి, మిగతావన్నీ పిల్లలయ్యాయి. కృపమ్మ బడి నుంచి రాగానే గడప మీద కూర్చునేది. తల్లి నేలను గీరి టక్కుటక్కుమని పిలిస్తే పిల్లలు పరుగెత్తుకొచ్చి దాని ముక్కు కిందే తినేవి. నీడ కదిలితే చాలు, దాని గొంతు మారేది. అన్నీ ఒక్కసారి రెక్కల కిందికి మాయమయ్యేవి. కాసేపటికి ఒక చిన్న తల ఈకల మధ్యనుంచి బయటికి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయేది. కృపమ్మ చిన్నపిల్లలా నవ్వేది. ఆ నవ్వు మేము అంతకుముందు విన్నది కాదు.

బాపట్ల నుంచి ఇద్దరు కూతుళ్ళూ సెలవుకు వచ్చారు. "అన్నం చల్లారిపోతోందమ్మా, ఏంటంతసేపు చూస్తావ్?" అంది చిన్నది.

"చూడనివ్వవే."

పెద్దది వచ్చి తల్లి పక్కన గడప మీద కూర్చుంది. కాసేపటికి చిన్నది కూడా పళ్ళెం తెచ్చుకుని ఇటువైపు ఇరుక్కుని కూర్చుంది. ముగ్గురూ అక్కడే తిన్నారు.

వీధిలో ఎవరి కుక్కను వాళ్ళు కట్టేసుకున్నారు. కట్టని కుక్క ఒకటి వాకిట్లోకి వస్తే బోడిమెడది దాని వీపెక్కి వీధి చివరిదాకా తరిమింది. అది కుయ్యోమంటూ వెళ్ళి సుందరయ్య గారి అరుగు కింద దూరింది. కుక్క ఆయనదే.

ఎండలు ముదిరాయి. పిల్లలకు రెక్కలొచ్చి సొంతంగా ఏరుకు తింటున్నాయి. ఒక పొద్దున గింజల దగ్గరికొచ్చిన పిల్లను తల్లి ముక్కుతో పొడిచి పంపేసింది. ఇంకోదాన్నీ పొడిచింది. సాయంత్రానికి పిల్లలన్నీ ఒకవైపు, అది ఒక్కటీ ఒకవైపు. విడదీసిందన్నమాట. కృపమ్మ అది చూసి, తర్వాతి ఆదివారం దాని కాళ్ళకు మెత్తటి గుడ్డపీలిక కట్టింది.

ఆరాధన మధ్యలో కోడిని తీసుకెళ్ళి బల్ల ముందు గంపలో పెట్టింది. వెనక వరసలవాళ్ళు మోకాళ్ళ మీద లేచి చూశారు. కోడి మాత్రం ఆవలించినట్టు ముక్కు తెరిచి మూసింది.

సుందరయ్య గారు లేచి వచ్చారు. "తీసుకెళ్ళమ్మా. పండగ ఎప్పుడో అయిపోయింది. ఓ పిల్లనిచ్చెయ్, చాలు" అన్నారు మెల్లగా.

"అదేంటండి? బదులు తీసుకోనని మీరే అన్నారుగా. బోడిమెడ పెట్టనే అన్నాను, బోడిమెడ పెట్టనే తెచ్చాను. పాట పెట్టండి."

"ఒక్క కోడికి పాటేంటమ్మా?"

"ఒక్క కోడికి గంప పెట్టించారుగా."

పాస్టరు గారు ఈసారి పైకే నవ్వారు. పాట పెట్టక తప్పలేదు. సుందరయ్య గారు గొంతు సవరించుకుంటుంటే కృపమ్మ చెయ్యెత్తింది. "ఒక షరతండి."

"దేవుడికిచ్చినదానికి షరతులేంటమ్మాయ్!"

"దేవుడికి పెట్టట్లేదండి. కొనేవాళ్ళకి పెడుతున్నాను. ఇది పొదుగుకొస్తే ముంచకూడదు, ముక్కులో ఈక పెట్టకూడదు. పొదిగి, పిల్లల్ని ఇదే పెంచుకోవాలి. ఒప్పుకున్నవాళ్ళే పాడండి. లేకపోతే గంపతో సహా ఇక్కడే ఉంటాను, వచ్చే ఆదివారం దాకా."

కూరకని చూస్తున్న మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కిటికీల వైపు తిరిగారు. సుందరయ్య గారు అందరి ముఖాలూ చూశారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఏసమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"నేను పాడతాను."

"నువ్వా!" అని గుడి గుడంతా నవ్వింది. ఏసమ్మ ఆ నవ్వులకు తలొంచలేదు. పెన్షను డబ్బు ముడి విప్పి తన పాట చెప్పింది. సుందరయ్య గారు ఒకటోసారి, రెండోసారి అని అందరి వైపూ తిరిగి, మూడోసారి బల్ల మీద అరచేత్తో కొట్టారు.

బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు కృపమ్మ గంపను ఏసమ్మ చేతికిచ్చింది. అందుకోగానే కోడి ఆవిడ మణికట్టు మీద ఒక్క పోటు పొడిచింది.

"అమ్మో! చూడవే, ఇంకా గుర్తుపెట్టుకుంది."

"మరిచిపోతుందా అత్తా?"

"ఇక నా కోడే కదా. మళ్ళీ పొదుగెక్కి మొండికేస్తే, నా ఇష్టం నాది అంటే ఏం చేస్తావే?" అంది ఏసమ్మ, ఉడికించాలని.

కృపమ్మ గంపలో చెయ్యి పెట్టి కోడి బోడిమెడను ఒకసారి నిమిరింది. "ఆ ఈక నేను పారెయ్యలేదత్తా. చూరులో దోపి ఉంచాను. ఈసారి అది కోడి ముక్కులోకి మాత్రం పోదు" అంది.